ప్లాట్ల బేరానికి మన పతపేఢీ సొమ్ము ఇవ్వరాదు



గత నెల కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. అక్కల్‌కోట రోడ్డు వైపు ఒకాయన లేఅవుటు వేస్తున్నాడట. మన యూనియన్ సభ్యులు వంద మంది కలిసి తీసుకొంటే చదరపు అడుగుకు యాభై రూపాయలు తగ్గిస్తాడట. ముందు కట్టవలసిన సొమ్ము చేతిలో లేనివారికి మన పతపేఢీ అప్పు ఇవ్వాలట. ఆ అప్పు కంతులు పగారులో కోత పెట్టించి వసూలు చేసుకోవాలట. కార్యవర్గంలో ఏడుగురు అవునన్నారు, నలుగురం కాదన్నాం. ఇది పది మంది గదిలో కూర్చొని తేల్చే సంగతి కాదు, సర్వసభ్య సమావేశంలోనే తేలాలని నేను పట్టుబట్టాను. కార్యదర్శి అయివుండి కార్యవర్గంలో ఎక్కువ మంది మాటకు ఎదురు రాస్తున్నాడేమని కొందరు అడుగుతున్నారు. ఈ బులెటిన్ సభ్యులది. అవునన్నవారు రాసి ఇస్తే వచ్చే సంచికలో వారికీ ఇంతే చోటు ఇస్తాను, ఒక్క అక్షరం కొట్టివేయను. ఇప్పుడు నా మాట వినండి.

సొంత ఇల్లు కావాలనుకోవడం తప్పని నేను అనడం లేదు. సాఖర్ పేఠలో, భద్రావతి పేఠలో, దత్తనగరులో మనవాళ్లు ఎట్లా బతుకుతున్నారో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. పదడుగుల గది. అందులోనే వంట, అందులోనే బీడీల చాట, అందులోనే పిల్లల చదువు. రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలంటే మిగిలినవాళ్లంతా బయటి అరుగు మీద కూర్చోవాలి. అటువంటివాడు నాలుగు గోడలు నావి అనుకొనే రోజు కోసం ఎదురుచూస్తే అందులో తప్పేముంది?

అయితే ఇల్లు వేరు, ప్లాటు బేరం వేరు. వుండటానికి కొనేది ఇల్లు, అమ్మటానికి కొనేది సరుకు. సరుకును అప్పు చేసి కొనేవాణ్ని వ్యాపారి అంటారు. వ్యాపారికి ఒక ఏడాది దెబ్బ తగిలితే తట్టుకొనేందుకు వెనుక ఇంకేదో వుంటుంది. మన వెనుక ఏముంది? వారం పగారు వుంది. నూలు ధర పెరిగితే, టవెళ్ల గిరాకీ పడిపోతే, కరెంటు పోతే అదీ సగమవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినప్పుడు ఎన్ని వారాలు సాంచాలు ఆగిపోయాయో, షావుకారు మన చేతిలో ఏం పెట్టాడో మరిచిపోయారా? ఆ ఏడాది బ్యాంకు అప్పులకు రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలల గడువు ఇవ్వనిచ్చింది, కాని వడ్డీ మాత్రం ఆగకుండా పెరుగుతూనే వుంది. ప్లాటు వ్యాపారి కంతులకు ఆ గడువు కూడా లేదు.

ఇప్పుడు మన ముందుకు వచ్చిన ప్లాటు లెక్క చూద్దాం. వెయ్యి చదరపు అడుగులు, తగ్గింపు పోగా అడుగు 600 రూపాయలు, మొత్తం 6 లక్షలు. ముందు 2,40,000 కట్టాలి. మిగిలిన 3,60,000 నెలకు 10,000 చొప్పున 36 కంతులు. 'వడ్డీ లేదు' అని కరపత్రం మీద పెద్ద అక్షరాలతో వేశారు.

ముందు కట్టే 2,40,000 మన సభ్యుడికి ఎక్కడి నుంచి వస్తుంది? కార్యవర్గంలో చెప్పిన ప్రకారం పతపేఢీ 1,40,000 ఇస్తుంది. మిగతా లక్షకు ఇంట్లో బంగారం తాకట్టు. పతపేఢీ అప్పు నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ, 36 నెలల్లో తీరాలంటే నెలకు 4,650 కట్టాలి. తాకట్టు మీద నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకొన్నా నెలకు 1,000. ప్లాటు కంతు 10,000. మొత్తం నెలకు 15,650. మగని పగారు, ఆడమనిషి బీడీల కూలి కలిపి ఆ ఇంటికి నెలకు 24,000 వస్తుందనుకోండి. మిగిలేది 8,350. అందులో గది అద్దె, బియ్యం, స్కూలు, దవాఖానా, పండుగ, పెళ్లి, చావు. మూడేళ్లు. ఒక్క నెల కూడా తప్పకుండా. మీలో ఎవరైనా మూడేళ్లలో ఒక్క నెల కూడా తప్పకుండా ఖాడా లేకుండా పనిచేశారా? నేను చేయలేదు.

సరే, చేశాడనుకుందాం. మూడేళ్లకు ఎంత కట్టినట్టు? వ్యాపారికి 3,60,000. పతపేఢీకి 1,67,400. బంగారం విడిపించుకోవడానికి అసలూ వడ్డీ కలిపి 1,36,000. మొత్తం 6,63,400. రిజిస్ట్రేషనుకు, స్టాంపుకు నూటికి ఏడు అనుకుంటే ఇంకో 42,000. అంటే 7,05,400. ఆ ప్లాటును అడుగు 705 రూపాయలకు అమ్మగలిగితే మనవాడు తన సొమ్ము తాను తెచ్చుకొన్నట్టు. మూడేళ్లు కడుపు మాడ్చుకొన్నందుకు ఒక్క పైసా లాభం లేదు. అమ్మేనాడు దలాలికి ఇచ్చేది, కొనేవాడు దొరికేదాకా ఎదురుచూసేది నేను లెక్కలో వేయలేదు. 'మూడేళ్లలో రెట్టింపు' అన్నవాడు ఈ లెక్క ఎందుకు వేసి చూపడు? రెట్టింపవుతుందని అంత నమ్మకం వుంటే ఆయన ఇప్పుడే ఎందుకు అమ్ముతున్నాడు? మూడేళ్లు తనే పెట్టుకోవచ్చు కదా!

వడ్డీ లేని కంతులు అన్న మాట గురించి కూడా చెప్పాలి. అదే లేఅవుటులో మొత్తం సొమ్ము ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారని మన ఒక సభ్యుడి చేత అడిగించాను. 510కి ఇస్తామన్నారు. 510కి, 600కి మధ్య వున్నది వడ్డీ కాకపోతే మరేమిటి? ముందు కట్టిన 2,40,000 తీసివేస్తే రొక్కం ధరలో మిగిలేది 2,70,000. దానికి మూడేళ్లలో 3,60,000 వసూలు చేస్తున్నారు. ఇది వడ్డీ లేని బేరమట! కరపత్రం వెనుక చిన్న అక్షరాల్లో ఇంకొకటి వుంది. వరుసగా మూడు కంతులు తప్పితే బుకింగు రద్దు, కట్టిన సొమ్ములో కొంత కోసుకొని మిగతాది 'ప్లాటు తిరిగి అమ్ముడైన తరువాత' ఇస్తారట. ఎప్పుడు అమ్ముడవుతుంది? వారికి ఇష్టమైనప్పుడు.

ఇక చట్టం సంగతి. స్థిరాస్తి నియంత్రణ చట్టం, మనం రేరా అంటున్నది, 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటు ఏదైనా రేరాలో నమోదు కాకుండా ప్రకటన వేయరాదు, బుకింగు తీసుకోరాదు. మన దగ్గరికి వచ్చిన కరపత్రం మీద నంబరు లేదు. అడిగితే 'ఫైలు నడుస్తున్నది' అన్నారు. ఫైలు నడిచి నంబరు వచ్చినాక రావాలి గాని ముందే ఎందుకు వచ్చినట్టు? అదే చట్టం ప్రకారం రిజిస్టరు అయిన ఒప్పందం రాసి ఇవ్వకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు పుచ్చుకోరాదు. 6 లక్షల ప్లాటుకు పదో వంతు 60,000. వీరు అడుగుతున్నది 2,40,000. రాసిస్తున్నది రసీదు. కొన్నవారి నుంచి వచ్చిన సొమ్ములో నూటికి డెబ్బై వేరే బ్యాంకు ఖాతాలో పెట్టి ఆ భూమికీ ఆ పనికీ మాత్రమే వాడాలని కూడా చట్టంలో వుంది. నమోదే లేనివాడికి ఆ ఖాతా ఎక్కడిది? మన సొమ్ముతో ఆయన ఇంకో వూళ్లో ఇంకో పొలానికి బయానా ఇవ్వడని ఎవరు హామీ?

ఈ మాటలు నేను పుస్తకం చదివి రాస్తున్నానని అనుకోకండి. నేను పదో తరగతి చదివి సూతగిరణిలో రింగ్ ఫ్రేము ఖాతాలో చేరినవాణ్ని. పద్దెనిమిదేళ్లు చేశాను. 2006లో మిల్లు మూతపడ్డప్పుడు గ్రాట్యుటీ, బాకీలు అన్నీ కలిపి నాకు లక్షా పదివేలు వచ్చాయి. అన్ని డబ్బులు ఒక్కసారి చేతిలో పడటం అదే మొదలు, అదే చివర. ఆ సంవత్సరం మా దగ్గరి చుట్టం ఒకడు, వరసకు బావ అవుతాడు, వారం వారం ఇంటికి వచ్చేవాడు. "బావా, ఇప్పుడు గుంఠా అరవై వేలు. దసరా దాటిందా, లక్ష. నేనూ తీసుకొన్న. నీ పక్కనే నాది. ఏం ఫికరు లేదు" అన్నాడు. గ్రాట్యుటీ సొమ్ములో ఎనభై వేలు తీశాను. మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి పాతిక వేలు. బిశీలో ముందుగా పాట పాడి పదిహేను వేలు. రెండు గుంఠాలు, లక్షా ఇరవై వేలు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ముద్ర వేశారు. ఆ కాగితాన్ని మార్కండేయ గుడికి తీసుకువెళ్లి దేవుడి ముందు పెట్టి తెచ్చుకొన్నాం.

నాలుగేళ్ల తరువాత కంచె వేద్దామని పోతే అక్కడ అప్పటికే రాళ్లు పాతి వున్నాయి. పాతినవాడి దగ్గర కూడా నూరు రూపాయల కాగితమే వుంది, నా కాగితం కంటే ఎనిమిది నెలలు పాతది. తలాఠీ దగ్గర సాత్‌బారా తీయిస్తే నలుగురు అన్నదమ్ముల పేర్లు వున్నాయి. మాకు అమ్మినవాడు అందులో ఒకడి దగ్గర మాత్రమే సంతకం పెట్టించుకొన్నాడు. పోలీసులు ఇది సివిలు సంగతి అన్నారు. వకీలు కాగితం చూసి, చదవకుండానే తిరిగి ఇచ్చాడు. మా బావ మోసగాడు కాడు. వాడికి దొరికింది నా మీద రెండు వేల కమీషను. వాడి సొంత రెండు గుంఠాలూ నాతో పాటే పోయాయి. గొలుసు వేలం అయిపోయింది. బిశీ కంతులు మాత్రం ఇంకా కొన్ని నెలలు కట్టాను. "నా గొలుసు ఆ పొలంలో పాతిపెట్టినా బాగుండేది, తవ్వి తెచ్చుకొనేదాన్ని" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

గుంఠా లెక్కన అమ్మే పొలం ముక్కల గురించి ఒక సంగతి అప్పుడు నాకు తెలియదు, ఇప్పటికీ చాలామందికి తెలియదు. పొలాలు తునకలు కాకుండా మన మహారాష్ట్రలో 1947 నాటి చట్టం ఒకటి వుంది. ఆ చట్టం చెప్పిన హద్దుకు తక్కువగా పొలాన్ని ముక్కలు చేసి అమ్మితే ఆ అమ్మకానికి రిజిస్ట్రేషను జరగదు. అందుకే నోటరీ, అందుకే నూరు రూపాయల కాగితం. నూరు రూపాయలు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నుంచీ చట్టం వుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద జరిగే అమ్మకాలతో హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. ఇళ్ల ప్రాంతాల్లో పాత ముక్కలను క్రమబద్ధం చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించిన మాట నిజమే. దాన్నే చూపించి ఇప్పుడు దలాలీలు 'అన్నీ లీగలు అయిపోయినయి' అని తిరుగుతున్నారు. క్రమబద్ధం చేసేది జరిగిపోయిన అమ్మకాన్ని. ఒకే ముక్కను ఇద్దరికి అమ్మినవాడి పనిని ఏ ప్రభుత్వం క్రమబద్ధం చేయగలదు?

కార్యవర్గంలో ఒక తమ్ముడు నన్ను నిలదీసి అడిగాడు. "అన్నా, బ్యాంకు మనకు ప్లాటు కోసం అప్పు ఇవ్వదు. అందుకేగా పతపేఢీ వుండాలి? బ్యాంకు పెద్దోళ్లకే ఇస్తుంది" అని. తమ్ముడి కోపం న్యాయమైనదే. అయితే ఒకటి ఆలోచించండి. బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వకముందు తన వకీలు చేత పాత దస్తావేజులు తీయించి చూస్తుంది. ఎన్.ఎ. ఆర్డరు చూస్తుంది, లేఅవుటు మంజూరు చూస్తుంది, తన ఇంజినీరును పంపి వెల కట్టిస్తుంది. ఆ వెలలో కూడా పూర్తిగా ఇవ్వదు. 30 లక్షల లోపు ఇంటి అప్పుకు నూటికి తొంభై దాటి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. ఇంత చూసుకొని, ఇంత జాగ్రత్తపడి, ఆ పైన తాకట్టు రాయించుకొని ఇస్తుంది. కోట్లు వున్న బ్యాంకు కాగితాలు చూసి వెనక్కి తగ్గిన చోట, బీడీలు చుట్టే అక్క దాచుకొన్న ఐదు వేలతో నడిచే మన పతపేఢీ ముందుకు దూకాలా? ఒక ప్లాటుకు ఏ బ్యాంకూ అప్పు ఇవ్వనంటే అది మనకు ఉచితంగా దొరికిన వకీలు సలహా. ఫీజు కూడా లేదు.

బ్యాంకు అప్పు అయితే నిశ్చింత అని కూడా నేను చెప్పను. ఇంటి అప్పులు దాదాపు అన్నీ మారే వడ్డీ మీదనే ఇస్తున్నారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు తన రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. పది లక్షల అప్పు, ఇరవై ఏళ్ల గడువు, 6.75 శాతం వడ్డీ అనుకోండి. నెల కంతు సుమారు 7,604. వడ్డీ రెండున్నర పెరిగి 9.25 అయితే కంతు 9,159 కావాలి. కంతు పెంచకుండా పాతదే వుంచితే ఏమవుతుంది? పది లక్షల మీద ఒక నెల వడ్డీయే 7,708. కట్టేది 7,604. అంటే నెల నెలా కడుతున్నా అసలు తగ్గడానికి బదులు పెరుగుతుంది! ఇట్లా కానివ్వరాదని, కంతు పెంచాలా గడువు పెంచాలా అని అప్పు తీసుకొన్నవాణ్ని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పవలసి వచ్చింది. 2025లో రెపో మళ్లీ తగ్గింది. తగ్గినప్పుడు మన కంతు తగ్గిందో లేదో బ్యాంకుకు పోయి అడిగినవారు మనలో ఎంతమంది? అడగండి. మారే వడ్డీ ఇంటి అప్పును ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోరాదు, అది కూడా గుర్తుంచుకోండి. మూడు నెలలు కట్టకపోతే మాత్రం అది మొండి బాకీ లెక్కలోకి పోతుంది. 2002 చట్టం కింద అరవై రోజుల నోటీసు ఇచ్చి, కోర్టులో దావా వేయకుండానే ఇంటిని స్వాధీనం చేసుకొనే అధికారం బ్యాంకుకు వుంది.

పి.ఎఫ్. సొమ్ము మీద కూడా దలాలీల కన్ను పడింది. పి.ఎఫ్. కోసం మన టవెల్ కార్ఖానాల్లో ఎంత కొట్లాడవలసి వచ్చిందో కొత్త పిల్లలకు తెలియకపోవచ్చు. ఇంటి అవసరానికి అందులోంచి తీసుకొనే సదుపాయం వుంది, ఇల్లు కట్టుకొనేవాడు తీసుకోవచ్చు. ఇల్లు కట్టుకొంటామని రాసి ఇచ్చి ప్లాటు బేరంలో పెట్టేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. 2024-25కు పి.ఎఫ్. వడ్డీ 8.25 శాతం ఇచ్చారు. ఇదే వడ్డీ నిలిస్తే ఇవాళ వున్న రెండు లక్షలు పదిహేనేళ్లకు ఆరున్నర లక్షలు దాటుతాయి. ఒక్క దలాలీ లేకుండా, ఒక్క సాత్‌బారా తీయించకుండా. మోకాళ్లు పనిచేయని వయసులో తిండి పెట్టేది అదొక్కటే.

భూమి చూపించి పేదల సొమ్ము లాగడం కొత్త విద్య కాదు. పి.ఎ.సి.ఎల్. అనే కంపెనీ వ్యవసాయ భూమి ఇస్తామని దేశమంతా కంతులు వసూలు చేసింది. సుమారు 5 కోట్ల 85 లక్షల మంది దగ్గర వసూలు చేసిన 49,100 కోట్లు తిరిగి ఇవ్వాలని 2014 ఆగస్టులో సెబీ ఆదేశించింది. ఆ భూములు అమ్మి ఆ సొమ్ము పంచడానికి సుప్రీంకోర్టు 2016లో రిటైరైన ప్రధాన న్యాయమూర్తి లోధా గారితో కమిటీ వేయించవలసి వచ్చింది. మన భాషవాళ్లకు ఇంకా దగ్గరి ముచ్చట అగ్రిగోల్డ్‌ది. విజయవాడ కేంద్రంగా నడిచి, ప్లాటు గాని సొమ్ము గాని ఇస్తామని ఎన్నో రాష్ట్రాల్లో 30 లక్షలకు పైగా జనం దగ్గర కంతులు కట్టించుకొంది. కుప్పకూలిన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు కట్టినవారికి, 2021లో ఇరవై వేల లోపు కట్టినవారికి ఖజానా నుంచి చెల్లించింది. ఈ రెండు చోట్లా వసూలు చేసినవారు ఎవరు? చుట్టాలు, పక్కింటివాళ్లు, బడి పంతుళ్లు. 'మనోడు చెప్పిండు' అన్న మాట మీదనే అంత సొమ్ము కదిలింది. రేపు 'మన యూనియనే చెప్పింది' అన్న మాట కూడా అందులో చేరాలా?

"షావుకార్లు భూములు కొని కోటీశ్వరులైనారు, మనం కొంటేనే తప్పా?" అన్నది రెండో ప్రశ్న. షావుకారు ఎట్లా అయినాడో చూడండి. ముంబైలో మిల్లులు నడపలేమన్న యజమానులకు ప్రభుత్వం 1991లో మిల్లు భూములను అమ్ముకొనే దారి తెరిచింది. మూడో వంతు ఖాళీ స్థలానికి, మూడో వంతు జనం ఇళ్లకు, మూడో వంతు యజమానికి అన్న లెక్క. 2001లో ఆ లెక్కను మార్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాకు మాత్రమే వర్తించేటట్టు చేశారు. 2006లో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. 1982 సమ్మెలో వున్న రెండున్నర లక్షల మంది, వారిలో మన తెలుగు పద్మశాలీలు ఎందరో, ఏం పొందారు? 2012లో మ్హాడా లాటరీ తీసినప్పుడు వచ్చిన ఇళ్లు 6,925. ఇంటికి ఏడున్నర లక్షలు కట్టాలి. భూమితో బాగుపడ్డవాడు భూమిని ముందే చేతిలో పెట్టుకొన్నవాడు. వాడి వ్యాపారం మునిగితే కంపెనీ మునుగుతుంది, వాడి ఇల్లు మునగదు. దివాళా చట్టం వుంది, బ్యాంకుతో రాజీ వుంది. మనం మునిగితే గొలుసు పోతుంది, పిల్ల చదువు పోతుంది. కొనే వస్తువు ఒకటే అయినా ఇద్దరి బేరం ఒకటి కాదు.

అయితే కార్మికుడికి సొంత ఇల్లు అసాధ్యమా? మన వూళ్లోనే జవాబు వుంది. కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల గోదూతాయి పరులేకర్ సహకార సంఘం పేర కట్టిన పదివేల ఇళ్లు 2006లో చేతికి వచ్చాయి. ఆ తరువాత అక్కడే రేనగర్ అని అసంఘటిత కార్మికులకు 30,000 ఇళ్ల పథకం మొదలై, 2024 జనవరి 19న మొదటి 15,000 ఇళ్లు ఇచ్చారు. నర్సయ్య ఆడం మాస్టరు దాని కోసం ఎన్నేళ్లు తిరిగారో, ఎన్ని మోర్చాలు తీశారో సోలాపురంలో అందరికీ తెలుసు. ఆయన పార్టీ అందరికీ నచ్చకపోవచ్చు, అది వేరే మాట. కేంద్రం ఇంటికి లక్షన్నర, రాష్ట్రం లక్ష ఇచ్చాయి. మిగిలింది కార్మికుడు భరించాడు. అక్కడా కష్టాలు లేకపోలేదు. వూరికి దూరం, కార్ఖానాకు రావాలంటే రిక్షా ఖర్చు. కాని వున్నది ఇల్లు. తలుపు వేసుకొని నిద్రపోవచ్చు. అది సంఘం కట్టి సర్కారు మెడలు వంచి తెచ్చుకొన్న ఇల్లు. వంద మందిమి సంఘంగా వున్నది సర్కారును అడగడానికా, వ్యాపారి దగ్గర అడుగుకు యాభై రూపాయల తగ్గింపు తెచ్చుకోవడానికా?

చివరిగా పతపేఢీ మాట. వంద మందికి 1,40,000 చొప్పున ఇస్తే కోటీ నలభై లక్షలు. మన దగ్గర వున్న డిపాజిట్లలో అది సగం దాటుతుంది. సగం సొమ్మును ఒక్క లేఅవుటు మీద, ఒక్క మనిషి మాట మీద పెట్టినట్టు. అక్కడ తేడా వస్తే కంతులు ఆగేది ఒక్కరివి కాదు, వంద మందివీ ఒకేసారి. బ్యాంకు మునిగితే డిపాజిటుదారుకు ఐదు లక్షల దాకా బీమా వుంది. పతసంస్థ డిపాజిట్లకు ఆ బీమా లేదు. భర్త పోయిన ఆడమనిషి కూతురి పెళ్లికని వేసుకొన్న సొమ్ము అందులో వుంది, రిటైరైన జాబరు దవాఖానా కోసం పెట్టిన సొమ్ము వుంది. వారిలో ఒక్కరు కూడా ప్లాటు అడగలేదు. వారి సొమ్ముతో నష్టం తెచ్చుకొనే హక్కు మనకు ఎవరిచ్చారు?

అందుచేత నేను సర్వసభ్య సమావేశంలో పెట్టబోయే తీర్మానం ఇది. అమ్మటానికి కొనే ప్లాట్లకు పతపేఢీ అప్పు ఇవ్వరాదు. వుండటానికి ఇల్లు కొనే, కట్టుకొనే సభ్యుడికి బ్యాంకు తన వంతు మంజూరు చేసిన తరువాత, తక్కువ పడిన సొమ్ములో కొంత మాత్రం ఇవ్వవచ్చు. యూనియన్ పేరు, యూనియన్ ఆఫీసు, ఈ బులెటిన్ ఏ లేఅవుటు ప్రకటనకూ వాడరాదు. బోనసు వారంలో గేటు దగ్గర బల్ల వేసుకొని బుకింగులు తీసుకొనే పద్ధతిని ఆపమని యాజమాన్యాన్ని కోరాలి. కార్యవర్గంలో ఎవరికైనా ఆ లేఅవుటులో కమీషను గాని, ఉచితంగా ఒక ప్లాటు గాని ఇస్తామని మాట వచ్చివుంటే ఆ సంగతి సమావేశంలో లేచి చెప్పాలి. నాకూ మాట వచ్చింది. మూలమీది ప్లాటు అన్నారు. నేను వద్దన్నాను.

సమావేశం దసరాకు ముందు వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు యూనియన్ ఆఫీసు ముందర. పతపేఢీ సభ్యులు పాసుబుక్కు తెచ్చుకోవాలి, లేకపోతే ఓటు వుండదు. ఆ లేఅవుటుకు ఇప్పటికే బయానా ఇచ్చినవారు పదకొండు మంది వున్నారని విన్నాను. వారి మీద నాకు కోపం లేదు, సిగ్గుపడవలసిన పనీ లేదు. రసీదు, కరపత్రం, మాట్లాడినవారి పేర్లు తీసుకొని మంగళవారం లేక శుక్రవారం మొదటి పాళీ విడిచిన తరువాత ఆఫీసుకు రండి. వకీలు గారు ఆ రెండు సాయంత్రాలు కూర్చుంటారు. రేరాకు ఫిర్యాదు ఎట్లా రాయాలో ఆయన చెబుతారు, కాగితాలు నేను రాసి పెడతాను. అసలు రసీదు ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్సు తెండి.

- కార్యదర్శి